ఇంటి తోటలో తేనెటీగలు మళ్ళీ పెరగాలంటే

తోటలో తేనెటీగలు తగ్గాయని గమనించినవారు సాధారణంగా చేసే మొదటి పని నాలుగు పూల మొక్కలు తెచ్చి నాటడం. అది మంచి పని, అవసరమైన పని. అయితే పూల మీద మనకు కనిపించే ఈగ తన జీవితంలో చాలా చిన్న భాగాన్నే అక్కడ గడుపుతుంది. ఒంటరిగా బతికే తేనెటీగల్లో చాలా జాతులు గుడ్డుగా, లార్వాగా, ప్యూపాగా నెలల తరబడి మట్టిలోనో, ఎండిన కాడలోనో, పాత కొయ్యలోని రంధ్రంలోనో ఉండిపోయి, రెక్కలు వచ్చాక కొన్ని వారాలు మాత్రమే బయట తిరుగుతాయి. అవి లోపల దాగి ఉన్న నెలల్లో మనం మట్టిని తిరగేసినా, కాడలను కోసి తగలబెట్టినా, వేళ్ళకు పురుగుమందు పోసినా, మరుసటి ఏడాది ఎన్ని పూలు పూయించినప్పటికీ వాటి మీద వాలడానికి వచ్చేవి మిగలవు. అందువల్ల తోటలో ఏమి పెంచాలనే దానితో పాటు, అంతకన్నా కొంచెం ఎక్కువగా, ఏమి కదిలించకుండా వదిలేయాలనేది ఇక్కడ చెప్పదలచుకున్నాను.

మనం కాపాడవలసినవి ఏవి

ప్రపంచంలో శాస్త్రవేత్తలు గుర్తించి పేరు పెట్టిన తేనెటీగ జాతులు 20,000కు పైగా ఉన్నాయి. వాటిలో మైనపు పట్టు పెట్టి తేనెను నిల్వ చేసే ఏపిస్ ప్రజాతికి చెందినవి డజనుకు మించవు. మిగిలినవాటిలో పెద్ద నల్ల తుమ్మెదలు, గులాబీ ఆకులను అర్ధచంద్రాకారంగా కత్తిరించుకుపోయే ఈగలు, పొట్ట మీద నీలి చారలున్నవి, చీమంత పరిమాణంలో ఉండి కొండి లేని చిన్నవి, ఒళ్ళంతా నూగుతో బొద్దుగా ఉండే బంబుల్ బీలు, ఇంకా మనం ఈగలనో దోమలనో అనుకుని పట్టించుకోనివి ఎన్నో ఉన్నాయి. వీటిలో అత్యధికం ఒంటరి జీవులు. వాటికి రాణి ఉండదు, పనివాళ్ళు ఉండరు. ఒక్కొక్క తల్లి తన గూడు తానే కట్టుకుని, తానే పుప్పొడి మోసుకొచ్చి, ఒక్కొక్క గదిలో ఒక్కొక్క గుడ్డు పెట్టి మూసేస్తుంది.

ఈ తేడా తోటమాలికి చాలా ముఖ్యం. పట్టులోని రాణి ఈగ మంచి కాలంలో రోజుకు 1,500 గుడ్ల వరకూ పెట్టగలదు కాబట్టి కొన్ని వందల పనివాళ్ళు చనిపోయినా ఆ లోటు త్వరగా తీరుతుంది. ఒంటరి తల్లి తన జీవితకాలం మొత్తంలో పెట్టేది సుమారు 20 నుంచి 30 గుడ్లు మాత్రమే. గూడు సగంలో ఉండగా ఆ ఒక్క తల్లి చనిపోతే ఆ సంతతిని పూర్తి చేసేవారు ఎవరూ ఉండరు.

ఇదే కారణంగా, తేనెటీగలను కాపాడాలనే ఉద్దేశంతో తేనెపెట్టె కొని తోటలో పెట్టడాన్ని నేను సమర్థించను. పెంపకపు తేనెపట్టుల సంఖ్య 1961తో పోలిస్తే ప్రపంచం మొత్తం మీద పెరిగింది. కొన్ని దేశాల్లో వాటికి తీవ్ర నష్టం జరిగిన మాట నిజమే అయినా, అవి అంతరించిపోయే దశలో లేవు. వేల సంఖ్యలో పనివాళ్ళున్న ఒక పట్టును చిన్న తోటలో పెట్టినప్పుడు, అక్కడున్న కొద్దిపాటి పుప్పొడి కోసం అడవి జాతులకు పోటీ పెరుగుతుంది; రెక్కలను వంకర చేసే వైరస్ వంటి రోగాలు పూల ద్వారా ఒకదాని నుంచి మరొకదానికి సోకుతాయి. తేనె కోసం పెట్టె పెట్టుకునేవారు శిక్షణ తీసుకుని పెట్టుకోవచ్చు. అది పశుపోషణ వంటి పని. తోటలోని అడవి జాతులు కోలుకోవడానికి చేయవలసిన పని వేరు.

పూలు: ఎడతెగకుండా, గుంపులుగా

తేనెటీగకు మకరందం శక్తినిస్తుంది, పుప్పొడి మాంసకృత్తులనిస్తుంది. పిల్లలు పెరిగేది ప్రధానంగా పుప్పొడి మీదే. అందుచేత చూడటానికి ఎంత అందంగా ఉన్నా పుప్పొడి అందించని పువ్వు వాటి సంతానానికి పనికిరాదు. ముద్దగా, రేకుల మీద రేకులతో పెంచిన అలంకరణ రకాల్లో చాలావరకు కేసరాలే రేకులుగా మారిపోయి ఉంటాయి. మిగిలిన కొద్దిపాటి పుప్పొడిని కూడా ఈగ అన్ని రేకుల మధ్య నుంచి చేరుకోలేదు. ముద్దబంతి కన్నా ఒంటి రేకు బంతి, ముద్ద గులాబీ కన్నా నడుమ పసుపు కేసరాలు కనిపించే గులాబీ మేలు. పొద్దుతిరుగుడు విత్తనాలు కొనేటప్పుడు కూడా ప్యాకెట్ మీద ఏమి రాసి ఉందో చూడాలి, ఎందుకంటే పూలసజ్జల కోసం పుప్పొడి రాలకుండా తయారుచేసిన రకాలు అమ్మకంలో ఉన్నాయి.

రెండవ విషయం కాలం. ఒక్కొక్క జాతి ఈగ ఏడాదిలో వేర్వేరు వారాల్లో బయటికి వస్తుంది. అది వచ్చిన వారాల్లో తోటలో పువ్వు లేకపోతే, ఆ తరువాత నెలలో తోట విరగబూసినా దానికి ఉపయోగం లేదు. ఒక కాగితం మీద పన్నెండు నెలలు గీసుకుని, మీ తోటలో ఇప్పటికే ఉన్న మొక్కలు ఏ నెలలో పూస్తాయో గుర్తు పెట్టండి. దాదాపు ప్రతి తోటలోనూ రెండు మూడు ఖాళీ నెలలు బయటపడతాయి. కొత్త మొక్కలు కొనే డబ్బంతా ముందుగా ఆ ఖాళీలను నింపడానికే పెట్టాలి. ఇప్పటికే నాలుగు మొక్కలు పూస్తున్న నెలలో అయిదవది చేర్చడం వల్ల వచ్చే లాభం చాలా తక్కువ.

ఖాళీలను నింపడానికి కొనవలసిన అవసరం లేని మార్గం ఒకటుంది. కూరగాయల మడిలో కోత అయిపోయిన కొత్తిమీర, ముల్లంగి, ఆవ, ఉల్లి, తులసి, పుదీనా వంటివాటిని పీకేయకుండా కొన్నింటిని పూతకు వదిలేయండి. కొత్తిమీర పూగుత్తిలోని చిట్టి పూలలో మకరందం పైపైనే ఉంటుంది కాబట్టి పొట్టి నాలుక ఉన్న చిన్న ఈగలకు అది సులువుగా అందుతుంది. తులసి జాతి మొక్కల పొడవైన పూవెన్నులు వారాల తరబడి కొద్దికొద్దిగా పూస్తూ ఉంటాయి. పొడవైన గొట్టం వంటి పూలకు పొడవు నాలుక గల జాతులు వస్తాయి. ఇలా విప్పారిన పూలు, గొట్టపు పూలు రెండూ ఉన్న తోటకు వచ్చే జాతుల సంఖ్య ఒకే ఆకారపు పూలున్న తోటకు వచ్చేవాటి కన్నా సాధారణంగా ఎక్కువగానే ఉంటుంది.

నాటేటప్పుడు ఒక్కో రకాన్ని ఒక్కటొక్కటిగా చల్లినట్టు కాకుండా, ఒక రకాన్ని ఒకచోట మీటరు వెడల్పున గుంపుగా నాటండి. ఒక ప్రయాణంలో తేనెటీగ చాలాసార్లు ఒకే రకం పువ్వును వెతుక్కుంటూ పోతుంది. గుంపు ఉంటే తక్కువ ఎగిరి ఎక్కువ సేకరిస్తుంది. కుండీలే ఉన్న బాల్కనీలో కూడా ఒకే మొక్కను మూడు నాలుగు కుండీల్లో పెట్టి దగ్గరగా ఉంచితే చాలు. రంగు విషయంలో ఒక మాట: తేనెటీగలు రంగులను గుర్తించగలవని నిరూపించి, తరువాత 1973లో నోబెల్ బహుమతి అందుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్, వాటికి ఎరుపు రంగుగా కనిపించదని కూడా గమనించాడు. నీలం, ఊదా, పసుపు, తెలుపు పూలకు ప్రాధాన్యం ఇవ్వడం మంచిది. స్థలం ఉన్నవారు మాత్రం, పూల మడుల గురించి ఆలోచించే ముందు ఒక్క పూల చెట్టు గురించి ఆలోచించాలి. ఒక నిమ్మ చెట్టో, మునగ చెట్టో పూతకు వచ్చినప్పుడు ఇచ్చే పూల సంఖ్యను ఏ మడీ ఇవ్వలేదు, పైగా అది ఆక్రమించే నేల చాలా తక్కువ.

ఈ శ్రమకు కూరగాయల మడి కూడా బదులిస్తుంది. ప్రపంచపు 115 ముఖ్య ఆహార పంటల్లో 87 పంటలు ఎంతో కొంత జంతువుల పరాగ సంపర్కం మీద ఆధారపడతాయని 2007లో ప్రచురితమైన ఒక పరిశీలన లెక్క తేల్చింది. గుమ్మడి పువ్వు ఒకే ఒక్క ఉదయం తెరుచుకుంటుంది. ఆ కొద్ది గంటల్లో మగ పువ్వు నుంచి ఆడ పువ్వుకు చాలినంత పుప్పొడి చేరకపోతే పిందె పసుపు పచ్చబడి రాలిపోతుంది, లేదా కాయ ఒక పక్క లావై వంకర పోతుంది. వంకాయ పువ్వులో పుప్పొడి కేసరాల చివర ఉన్న సన్నని రంధ్రాల్లో నుంచి మాత్రమే బయటికి వస్తుంది. తుమ్మెదలు, నీలి చారల ఈగలు పువ్వును పట్టుకుని ఒళ్ళు కంపింపజేసి ఆ పుప్పొడిని రాలుస్తాయి. తేనెపట్టు ఈగలకు ఈ విద్య రాదు. అందువల్ల వంగతోటలో తుమ్మెద కనిపిస్తే తరమకండి.

గూళ్ళు: మట్టిలో, కాడల్లో, కొయ్యలో

తేనెటీగ జాతుల్లో మూడింట రెండు వంతులకు పైగా నేలలోనే గూడు కట్టుకుంటాయి. తోటమాలి అతి తక్కువగా పట్టించుకునేది కూడా ఈ నేలనే. పెన్సిలు మందం రంధ్రం, దాని చుట్టూ చిన్న మట్టి పొడి కుప్ప, లోపల కొన్ని అంగుళాల నుంచి రెండు అడుగుల వరకూ దిగే సొరంగం, దానికి పక్కగా చిన్న చిన్న గదులు: ఇదీ ఆ గూడు. చీమల పుట్టగా పొరబడి మరుగునీళ్ళు పోసేవారు, పురుగుమందు పొడి చల్లేవారు ఉన్నారు. కాసేపు నిలబడి గమనిస్తే, కాళ్ళకో పొట్టకో పుప్పొడి అంటించుకున్న ఈగ అందులోకి దిగడం కనిపిస్తుంది.

వీటి కోసం చేయవలసిందల్లా, ఎండ బాగా పడి నీరు నిలవని చోట ఒక చదరపు మీటరు నేలను ఏమీ కప్పకుండా, తవ్వకుండా శాశ్వతంగా వదిలేయడం. కొంచెం వాలుగా ఉంటే మరీ మంచిది. మందపాటి ఎండుటాకుల పరుపు, రంపపు పొట్టు, కలుపు రాకుండా పరిచే ప్లాస్టిక్ పట్టా మొక్కలకు ఎంత మేలు చేసినా, ఆ కింద ఈగ గూడు కట్టలేదు. ఇప్పటికే లోపల ఉన్నవి పట్టాను చీల్చుకుని బయటికి రాలేవు. తోటంతా ఆకుల పరుపు మానేయమని చెప్పడం లేదు. కూరగాయల మడుల్లో పరుచుకుని, గట్ల మీద, దారుల అంచుల్లో, కంచె మొదట్లో నేలను బయటికి కనబడనిస్తే సరిపోతుంది. గుమ్మడి వంటి పాదుల చుట్టూ గూడు కట్టుకునే జాతులు ఉన్నచోట, పంట అయిపోయిన వెంటనే లోతుగా తవ్వి తిరగేస్తే వచ్చే ఏడాది సంతానమంతా పోతుంది. పై రెండు అంగుళాలు మాత్రమే కదిలించి నాటే అలవాటు చేసుకోవడం మేలు.

కాడల్లో గూడు కట్టే జాతులకు కావలసింది ఎండిన, బోలుగా లేదా మెత్తని బెండుతో ఉన్న కొమ్మలు. పూత అయిపోయిన మొక్కలను నేలమట్టంగా కోసేయకుండా 20 నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తున వేర్వేరు పొడవుల్లో మొదళ్ళు నిలిపి ఉంచండి. వచ్చే కాలంలో తల్లి ఈగ ఆ కోసిన చివర నుంచి లోపలికి దొలుచుకుంటూ పోతుంది. ఆ మొదళ్ళను కనీసం మరొక ఏడాది ముట్టుకోకూడదు, ఎందుకంటే ఈ ఏడాది గుడ్డు వచ్చే ఏడాది ఈగ అవుతుంది. తుమ్మెదల కోసం ఒక ఎండిన దుంగను, రంగూ వార్నిషూ వేయనిదాన్ని, వాన తగలని మూలన నిలబెట్టి ఉంచితే అవి ఇంటి దూలాలను ఆశ్రయించే అవకాశం తగ్గుతుంది.

ఈగల గూటిపెట్టెలు ఇప్పుడు తయారుగా దొరుకుతున్నాయి. వాటిలో అలంకారం కోసం చేసినవే ఎక్కువ అనిపిస్తుంది. రెండు వైపులా తెరిచి ఉన్న వెదురు ముక్కలు, పీచు లేచిన కంతలు, నాలుగు సెంటీమీటర్ల లోతు కూడా లేని గొట్టాలు ఈగకు అక్కరకు రావు. మీరే చేసుకోదలిస్తే కొలతలు ఇవి: రంధ్రం వ్యాసం 3 నుంచి 10 మిల్లీమీటర్ల మధ్య వేర్వేరుగా ఉండాలి, లోతు సుమారు 15 సెంటీమీటర్లు ఉండాలి, వెనుక వైపు మూసి ఉండాలి, అంచులు నునుపుగా ఉండాలి. లోతుకు కారణం ఉంది. తల్లి ఈగ లోపలి గదుల్లో ఆడ గుడ్లను, ద్వారానికి దగ్గరి గదుల్లో మగ గుడ్లను పెడుతుంది. లోతు చాలకపోతే పుట్టేవి ఎక్కువగా మగవే అవుతాయి, అప్పుడు తరువాతి తరంలో గూడు కట్టే తల్లులు తగ్గిపోతారు. వెదురును కణుపు వెనుకనే కోస్తే వెనుక వైపు దానంతట అదే మూసుకుని ఉంటుంది.

ఈ పెట్టెను ఉదయపు ఎండ తగిలేలా, వాన లోపలికి కొట్టకుండా, గాలికి ఊగకుండా ఛాతీ ఎత్తున గోడకో స్తంభానికో బిగించాలి. పెద్దది ఒకటి కన్నా చిన్నవి మూడు, దూరదూరంగా పెట్టడం మంచిది, ఎందుకంటే వందల గూళ్ళు ఒకేచోట చేరితే పరాన్నజీవులు, పుప్పొడి నల్లులు, బూజు కూడా అక్కడే చేరతాయి. పిల్లలు బయటికి వచ్చేశాక పాత గొట్టాలను తీసేసి కొత్తవి పెట్టాలి. ఏటా మార్చే ఓపిక లేనివారు పెట్టె పెట్టకుండా కాడలను, మట్టిని వదిలేయడమే ఈగలకు ఎక్కువ క్షేమం. ఈ మాట నిరుత్సాహపరచడానికి కాదు, శుభ్రం చేయని పెట్టె కొన్నేళ్ళలో రోగాల నిలయం అవుతుంది కాబట్టి చెబుతున్నాను.

పురుగుమందులు

ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్ అనే మూడు నియోనికోటినాయిడ్ మందులను ఆరుబయట పంటల మీద వాడరాదని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించింది. ఈ మందుల స్వభావం తోటమాలికి అర్థం కావాలి. ఇవి ఆకు మీద ఉండిపోవు. వేరు నుంచి మొక్క రసంలోకి చేరి, అక్కడి నుంచి పుప్పొడిలోకి, మకరందంలోకి వస్తాయి. విత్తనానికి పూసినా, మొదట్లో పోసినా ఫలితం అదే. ఈగను వెంటనే చంపని మోతాదు కూడా అది దారి గుర్తుంచుకునే శక్తిని, గూడు కట్టే వేగాన్ని దెబ్బతీస్తుంది. కాబట్టి నర్సరీలో మొక్క కొనేటప్పుడు ఏ మందు వాడారని అడగండి. సరైన జవాబు రాకపోతే విత్తనం నుంచి పెంచుకోవడమే మంచిది.

సేంద్రియమైనదని రాసి ఉన్నంత మాత్రాన ఈగలకు హాని లేనిదని అర్థం కాదు. స్పైనోసాడ్ అనే పురుగుమందు తడిగా ఉన్నంతసేపు తేనెటీగలకు తీవ్రమైన విషం. పైరెత్రిన్ అనే మరో పురుగుమందు కూడా అంతే. సబ్బు నీళ్ళు నేరుగా ఒంటి మీద పడిన ఈగను చంపుతాయి. వేపనూనెను సైతం పూల మీద చల్లకూడదు. శిలీంధ్రాల మందుల్లో కొన్ని, పురుగుమందుతో కలిసినప్పుడు దాని విషాన్ని పెంచుతాయి. అందుచేత రెండింటినీ ఒకే ట్యాంకులో కలిపి చల్లే అలవాటు మానుకోవాలి.

పేనుబంక కనిపించిన రోజునే మందు తీయకుండా, గట్టి నీటి ధారతో కడిగి, వేలితో నలిపి, ఒక వారం చూడండి. అక్షింతల పురుగులు, సాలెపురుగులు రావడానికి ఆ వ్యవధి కావాలి. గొంగళి పురుగుల కోసం చేతితో ఏరడం సాధ్యం కాకపోతే బ్యాసిల్లస్ థురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవి ఆధారిత మందు ఈగలకు దాదాపు హాని చేయదు. ఇంకేదైనా తప్పనిసరిగా వాడవలసి వస్తే, పూలు ముడుచుకున్నాక, గాలి లేనప్పుడు, పూత లేని భాగానికే, సాయంత్రం చీకటి పడ్డాక చల్లాలి. అప్పుడు కూడా ఎండు కాడలను ఒకసారి దీపం వెలుగులో చూసుకోండి. నీలి చారల ఈగల్లో మగవి గూటికి పోకుండా కాడలను దవడలతో పట్టుకుని గుంపుగా నిద్రపోతాయి.

గులాబీ ఆకులకు గుండ్రని కోతలు కనిపించినా మందు అవసరం లేదు. అవి ఆకు కత్తిరించే ఈగ తన గదులకు గోడలుగా తీసుకున్న ముక్కలు. మొక్కకు దానివల్ల చెప్పుకోదగ్గ నష్టం ఉండదు.

నీరు, పంచదార, గుంపులు

లోతులేని పళ్ళెంలో గులకరాళ్ళు వేసి, రాళ్ళ తలలు పైకి తేలేలా నీరు పోయండి. దోమలు పెరగకుండా రెండు మూడు రోజులకొకసారి మార్చండి. పళ్ళెంలో పంచదార నీళ్ళు గానీ, తేనె గానీ పెట్టకూడదు. బయట కొన్న తేనెలో ఫౌల్‌బ్రూడ్ అనే లార్వా వ్యాధి బీజాలు ఉండవచ్చు, అవి దశాబ్దాల పాటు చావకుండా ఉంటాయి.

ఎప్పుడైనా వేల ఈగలు ఒక కొమ్మకు గుత్తిలా వేలాడుతూ కనిపిస్తే అది కొత్త ఇల్లు వెతుక్కుంటున్న గుంపు. సాధారణంగా కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో దానంతట అదే వెళ్ళిపోతుంది. కాపాడుకోవలసిన గూడు ఇంకా లేకపోవడం వల్ల ఆ స్థితిలో అవి మామూలుగా శాంతంగానే ఉంటాయి. అయినా పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచాలి, పొగ పెట్టకూడదు, నీళ్ళు కొట్టకూడదు. మనుషులు తిరిగేచోట స్థిరంగా పట్టు పెడితే నిప్పు పెట్టకుండా, ఈగలను చంపకుండా తరలించే శిక్షణ ఉన్నవారిని పిలవాలి. ఇంట్లో ఎవరికైనా ఈగ కాటుకు తీవ్ర అలర్జీ ఉంటే, పూల మడులను ద్వారానికీ, కూర్చునే చోటికీ దూరంగా వేసుకోవాలి. ఒంటరి జాతులు పట్టుకుని నొక్కితే తప్ప కుట్టడం అరుదు, మగవాటికి అసలు కొండే ఉండదు.

ఫలితాన్ని చూడటం

వారానికొకసారి, ఎండ ఉన్న ఒకే సమయంలో, ఒకే పూల గుంపు దగ్గర పది నిమిషాలు నిలబడి ఎన్ని ఈగలు వచ్చాయో, వాటిలో ఎన్ని రకాలున్నాయో రాసుకోండి. పేర్లు తెలియకపోతే పెద్ద నల్లది, నీలి చారలది, చిన్న ఆకుపచ్చది అని రాసినా సరిపోతుంది. ఫోటో తీసి, జీవుల ఫోటోలను నమోదు చేసే ఐనాచురలిస్ట్ వంటి వెబ్‌సైట్‌లో ఉంచితే తెలిసినవారు పేరు చెబుతారు, ఆ నమోదు పరిశోధనకూ ఉపయోగపడుతుంది. మొదటి ఏడాది పెరుగుదల ఎక్కువగా బయటి నుంచి పూల కోసం వచ్చేవాటిదే. మీ నేలలో, మీ కాడల్లో పుట్టినవి కనబడటం రెండవ ఏడాది నుంచి మొదలవుతుంది కాబట్టి, మొదటి ఏడాది అంకెలు చూసి ఏ పనీ మార్చవద్దు. రకాల సంఖ్య పెరగడం, మొత్తం సంఖ్య పెరగడం కన్నా నమ్మదగిన గుర్తు. నేలలో గూడు కనిపించినచోట ఒక పుల్ల పాతి పెట్టండి, ఇంట్లో మరెవరూ తెలియక అక్కడ తవ్వకుండా.

చివరిగా దూరం సంగతి. తేనెపట్టు ఈగ కిలోమీటర్ల దూరం పోయి రాగలదు గానీ, చిన్న ఒంటరి ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి వెళ్ళలేవు. మీ తోటకూ, తరువాతి పూల చోటుకూ మధ్య అంతకన్నా ఎక్కువ కాంక్రీటు ఉంటే అవి మీ తోటలోనే చిక్కుకుని ఉండిపోతాయి, ఒక్క చెడ్డ ఏడాది వస్తే ఆ గుంపు మొత్తం పోతుంది. అందుకని మీ మొక్కల విత్తనాలు రాలిన కాలంలో పొట్లాలు కట్టి ఇరుగుపొరుగుకు ఇవ్వండి, వారిలో మందు చల్లేవారుంటే చల్లే రోజు ముందుగా చెప్పమని అడగండి, నేలలోని రంధ్రాలు ఏమిటో ఒకసారి వారిని పిలిచి చూపించండి.